వెలిసిన ఎరుపును అప్పుడే గీకించకండి

ప్రశ్న: మా నాన్నగారి కారు 1978 నాటిది, ఎరుపు. బానెట్, పైకప్పు వెలిసిపోయి గులాబీ రంగులోకి దిగాయి. చేత్తో తుడిస్తే ఎర్రటి పొడి అంటుతోంది. రేకు దాకా గీకించి, కొత్త రంగూ పైన క్లియర్ కోటూ (రంగు లేని మెరిసే పూత) వేయిస్తే తప్ప లాభం లేదని ఒక పెయింటర్ అన్నారు. పాలిష్‌తోనే తేరుకుంటుందని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: రెండో ఆయన మాట వినండి. మొదటి ఆయన చెప్పే పని చివరికి ఎలాగూ ఉంటుంది, దానికి తొందర లేదు.

మీ చేతికి అంటుతున్న పొడిని బట్టి అది సింగిల్ స్టేజ్ పెయింట్. అందులో రంగూ మెరుపూ ఒకే పొరలో ఉంటాయి. రంగు పొడిని పట్టి ఉంచే రెజిన్‌ను ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైనుంచి తినేస్తూ వస్తాయి. పట్టు తప్పిన పొడి సున్నంలా రాలుతుంది. ఎండ నేరుగా పడే బానెట్, పైకప్పు ముందు దెబ్బతిన్నది అందుకే. చాలాసార్లు పాడయ్యేది పైపైనే, కింద అసలు ఎరుపు అలాగే ఉంటుంది.

అయినా పరీక్ష చేయకుండా మొదలుపెట్టవద్దు. తెల్ల గుడ్డకు కొద్దిగా పాలిష్ అద్ది, కంటికి ఆనని చోట రుద్దండి. గుడ్డ ఎర్రబడితే సింగిల్ స్టేజ్, ఎర్రబడకపోతే పైన క్లియర్ ఉన్నట్టు. (కారు తెలుపైతే నల్ల గుడ్డ తీసుకోవాలి. పాలిష్ కూడా తెల్లనిదైతే మోసపోతారు.) తలుపులు, ఫెండర్లు, డిక్కీ, అన్నిటినీ విడివిడిగా చూడండి. ఇన్నేళ్ల కారులో ఏదో ఒక తలుపు మళ్ళీ రంగు వేయించుకునే ఉంటుంది. ఇంట్లో ఎవరికీ గుర్తు లేకపోయినా గుడ్డ మీద తెలిసిపోతుంది.

ఇక పని. గరుకు కాంపౌండ్ (అరగదీసే పేస్టు), బఫింగ్ మెషీన్ జోలికి ముందే పోకండి. కడిగి ఆరాక, నూనె పాలు ఎక్కువగా ఉన్న గ్లేజ్ అనే లేపనాన్ని ధారాళంగా పట్టించి రాత్రంతా వదిలేయండి. ఎండిపోయిన పొర దాన్ని పీల్చుకుని కాస్త ముదురుతుంది. తుడిచి, అవసరమైతే మళ్ళీ పట్టించండి. ఆ తర్వాతే మెత్తటి పాలిష్‌తో చేత్తో రుద్దండి. గుడ్డ నిండా ఎరుపు వచ్చిందని బెంబేలు పడవద్దు, వచ్చేది చచ్చిన రంగే. గుడ్డ మాత్రం తరచుగా మార్చండి. అంచుల మీద, బాడీ గీతల మీద రంగు పల్చగా ఉంటుంది, అక్కడ టేపు అంటించుకోండి. ఎక్కడైనా ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) తొంగిచూస్తే ఆ చోట ఆపేయాలి, అక్కడ ఇక పాలిష్‌కు పని లేదు. చివర వాక్స్ తప్పనిసరి. పైన క్లియర్ లేదు కాబట్టి, వాక్స్ తగ్గినప్పుడల్లా మళ్ళీ పెట్టాలి.

ప్రశ్న: వెలిసిన రంగు మీదే క్లియర్ కొట్టించేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. పొడి రాలే ఉపరితలం మీద క్లియర్‌కు పట్టు దొరకదు, వెలిసిన మచ్చలు వెలిసినట్టే అద్దం కింద కనిపిస్తాయి. పాత పెయింట్ లాకర్ (ద్రావకం ఆవిరైతే ఆరే పాతకాలపు పెయింట్) అయితే ఇంకో గొడవ: కొత్త క్లియర్‌లోని ద్రావకాలకు అది మెత్తబడి ముడతలు లేస్తుంది. థిన్నర్ తడిపిన గుడ్డకు రంగు కరిగి వస్తే లాకర్ అని అనుమానించండి.

ప్రశ్న: నాది వెండి రంగు మెటాలిక్ కారు. పైకప్పు మీద పొర పెచ్చులుగా లేస్తోంది. పాలిష్ చేయించనా? లేకపోతే హార్డనర్ (పెయింట్‌ను గట్టిపరిచే ద్రవం) కలిపే పెయింట్ కొని నేనే షెడ్డులో కొట్టనా?

జవాబు: పాలిష్ దండగ. లేస్తున్నది క్లియర్ కోటు. దాని కిందనున్న రంగు పొరకు సొంత మెరుపు ఉండదు, ఎంత రుద్దినా రాదు, పెచ్చు అంచు మాత్రం ఇంకా జరుగుతుంది. గట్టిగా ఉన్న పొర దాకా వాటర్ పేపర్‌తో అరగదీసి, బేస్ కోటూ (రంగు పొర) క్లియరూ మళ్ళీ వేయించాల్సిందే. పాత కారు కదా అని మెటాలిక్‌ను సింగిల్ స్టేజ్‌లో వేయించవద్దు. పైన క్లియర్ లేక అందులోని అల్యూమినియం రేణువులు బూడిద రంగులోకి తిరుగుతాయి, పాలిష్ చేస్తే ఛాయ మారుతుంది.

షెడ్డు ఆలోచన మానుకోండి. ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి పట్టుకుంటే తర్వాత చాలా కొద్దిగా పీల్చినా తిరగబడుతుంది. దుమ్ము మాస్కు వాటిని ఆపదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు, గాలి లాగే బూత్ ఉన్నవారికే ఆ పని ఇవ్వండి.