పగిలింది ఒక హెడ్‌లైట్, ఎస్టిమేట్ రెండింటికి

ప్రశ్న: మాది హన్మకొండ, నయీంనగర్. రోజూ జనగామకు కారులో వెళ్లి వస్తాను. నాలుగు రోజుల క్రితం చీకటి పడ్డాక స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ మూలకు తగిలి కుడి హెడ్‌లైట్ అద్దం పగిలింది. బంపర్‌కు గీతలు పడ్డాయి, అంతే. ఎడమది పగల్లేదు కానీ పసుపు రంగుకు తిరిగింది. సర్వీస్ సెంటర్ వాళ్లు రెండూ మార్చాలని 34,220 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. 2021 జనవరిలో కొన్న 1197 సీసీ పెట్రోల్ కారు, ఎల్ఈడీ లైట్లు. ఇప్పటిదాకా క్లెయిమ్ చేయలేదు, 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది. ఆ బోనస్‌కు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత కారు నష్టానికి కట్టే భాగం) 8,400. రెన్యువల్ వచ్చే జనవరిలో. సేవింగ్స్‌లో 55 వేలున్నాయి, ముట్టుకోవాలంటే భయం. రెండు లక్షల చిట్టి ఉంది, ఈ నెల పాట 32 వేలకు పోయింది. చిట్టి ఎత్తాలా, కార్డు మీద ఈఎంఐ పెట్టాలా, ఇన్సూరెన్స్ వాడాలా? రెండేళ్లలో పెద్ద కారు తీసుకునే ఆలోచన ఉంది.

జవాబు: మీ ఎస్టిమేట్‌లో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం. కుడిది ప్రమాదంలో పగిలింది. ఎడమది ఎండకు, దుమ్ముకు పాతబడింది. పాతబడిన దానికి ఏ ఇన్సూరెన్స్ కంపెనీ పైసా ఇవ్వదు. ఒకటి మారిస్తే రెండోదీ మార్చాలన్న నియమమూ లేదు. హాలోజన్ బల్బులైతే జతగా మార్చడంలో అర్థముంది, ఎందుకంటే రెండూ ఒకే ఈడువి. పూర్తి అసెంబ్లీకి, అంటే అద్దం, లైటు అన్నీ కలిసిన మొత్తం హెడ్‌లైట్‌కు, ఆ లెక్క వర్తించదు.

ఎడమదాని మీద నీళ్లు చల్లి చూడండి. తడిగా ఉన్నంతసేపు అద్దం తేటగా కనిపిస్తే మసక పైపొరలోనే ఉన్నట్టు, పాలిష్‌తో పోతుంది. తడిపినా మసకగానే ఉంటే లోపలి వైపు పాడైంది, పాలిష్ డబ్బులు దండగ. ఈ అద్దం నిజానికి గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఎండ నుంచి కాపాడే పైపూత అరిగాక పసుపెక్కుతుంది. పనివాడు చుట్టూ టేప్ వేసి, నీళ్లతో 1000, 1500, 2000, 3000 నంబర్ల ఎమరీ పేపర్‌తో వరసగా రుద్ది, పాలిష్ కాంపౌండ్ పట్టించి, చివర యూవీ క్లియర్ కోట్ వేయాలి. ఈ చివరి పూత వేయకుండా ఇచ్చేస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపు. టూత్‌పేస్ట్ చిట్కా నిలవకపోవడానికీ కారణం ఇదే. ఈ పనికి 1,500 పెట్టుకుందాం.

ఇక కుడిది. అసెంబ్లీ 13,500, జీఎస్టీ 18 శాతం 2,430, మొత్తం 15,930. లేబర్‌లో దీని వాటా పన్నుతో 1,180. కలిపి 17,110. (విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే. ఎవరైనా 28 వేసి ఇస్తే అది పాత రేటు.) అద్దం బాగుండి, బిగించే చెవులు మాత్రమే విరిగి ఉంటే ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించమనేవాణ్ని. మీది అద్దమే పగిలింది. తేమ లోపలికి పోతే ఎల్ఈడీకి కరెంటు అందించే డ్రైవర్ బోర్డు పోతుంది, కాబట్టి మార్చాల్సిందే. పాత కారు నుంచి తీసింది తక్కువకు దొరుకుతుంది. కానీ ఎల్ఈడీ అసెంబ్లీని మీ కారుకే కనెక్టర్ పెట్టి ఇరవై నిమిషాలు వెలిగించి చూడకుండా కొనొద్దు. చెవులన్నీ ఉన్నాయా, లోపల నీటి మరకలున్నాయా చూడాలి.

ఇన్సూరెన్స్‌లో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్లాస్టిక్ భాగాలకు కారు ఎంత కొత్తదైనా 50 శాతం తరుగు కోస్తారు. మీకు జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేకపోతే 15,930లో సగం 7,965, దానికి లేబర్ 1,180 కలిపి, 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరిగా మీరు భరించే 1,000 తీసేస్తే చేతికొచ్చేది 8,145. జీరో డిప్రిసియేషన్ ఉంటే 16,110.

ఇప్పుడు పోయేది చూడండి. మీరు రాసినట్టు బోనస్‌కు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,400. క్లెయిమ్ చేయకపోతే జనవరిలో మీ బోనస్ 50 శాతానికి చేరుతుంది. చేస్తే సున్నా. ఆ తర్వాత ఏటా 20, 25, 35, 45 అంటూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. తేడా మొదటి ఏడు 4,200, తర్వాత 2,520, 2,100, 1,260, 420. మొత్తం 10,500, జీఎస్టీతో 12,390. అంటే జీరో డిప్రిసియేషన్ లేకుంటే 8,145 కోసం 12,390 వదులుకుంటారు. ఉంటే 3,720 మిగులుతుంది.

కానీ మీరు పెద్ద కారు అన్నారు. బోనస్ కారుది కాదు, మీది. కొత్త కారుకు వెంట వస్తుంది. దాని ఓన్ డ్యామేజ్ ప్రీమియం 20,000 అనుకుంటే, చివరి మూడేళ్ల తేడా 3,780 కాదు, 9,000. అప్పుడు మొత్తం నష్టం పన్నుతో కలిపి దాదాపు 18,550, వచ్చేది 16,110. కాబట్టి పాలసీ ఏదైనా మీరు ఈసారి క్లెయిమ్ చేయొద్దనే నా మాట. మీ పాలసీలో క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే బోనస్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది, ఆ కాగితం చూడండి.

ఒక్క జాగ్రత్త. పని మొదలుపెట్టే ముందే బానెట్ ఎత్తి టార్చ్ వేసి చూడండి. హెడ్‌లైట్ బిగించే పై పట్టీ వంగిందా, గ్రిల్ వెనకున్న ఏసీ కండెన్సర్‌కు దెబ్బ తగిలిందా? ఖర్చు 25 వేలు దాటేలా ఉంటే, జీరో డిప్రిసియేషన్ ఉన్నట్టయితే క్లెయిమే మేలు. అప్పుడు ఏదీ విప్పకుండా వెంటనే కంపెనీకి చెప్పి సర్వే చేయించాలి. బాగుచేయించాక అడిగితే ఒప్పుకోరు.

డబ్బు ఎక్కడిది? సేవింగ్స్ నుంచే. కుడిది 17,110, ఎడమది 1,500, మొత్తం 18,610. మీ దగ్గర ఇంకా 36 వేల పైన ఉంటాయి. అత్యవసర నిధి ఉన్నది ఇలాంటి రోజుకే, భయపడకండి. నెలకు 3,000 చొప్పున వేస్తే ఏడు నెలల్లో పూడుతుంది. రెండు లక్షల చిట్టిలో ఈ నెల పాట 32 వేలకు పోయిందని రాశారు. చేతికి 1,68,000 వస్తుంది, మీకు కావాల్సింది 19 వేలు కూడా కాదు. మిగతాది ఊరికే ఉంటుంది, 32 వేల కోత మాత్రం మొత్తానికీ పడుతుంది. చిట్టిని పెద్ద కారు డౌన్ పేమెంట్‌కు ఉంచండి, చివరి నెలల్లో పాట తగ్గాక ఎత్తుకోవచ్చు. కార్డులో నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడతాయి.

ఈ పని మాత్రం వాయిదా వేయొద్దు. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి, పక్కన రాళ్లు పేర్చి ఉంటాయి. ఒంటి లైటుతో ఆ రాయి దగ్గరికొచ్చేదాకా కనపడదు. పని అయ్యేదాకా రాత్రి పూట జనగామ నుంచి రైలుకో బస్సుకో రండి.

బిగించాక కారును చదునైన చోట, గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి, కారు లోపల హెడ్‌లైట్ ఎత్తు మార్చే లెవల్ స్విచ్ సున్నాలో పెట్టి లో బీమ్ వేయండి. వెలుగు పై అంచు లైటు మధ్య ఎత్తుకంటే రెండు మూడు అంగుళాలు కిందుండాలి, ఎడమ వైపుకు కొంచెం పైకి లేవాలి. కుడికి లేస్తే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది, అది మన రోడ్లకు చేసిన లైటు కాదు. ఈ పరీక్ష బిల్లు కట్టక ముందే, వాళ్ల గోడ మీదే చేయించండి.