అమెరికాలోని ఇల్లినాయిస్‌కు వలస వచ్చిన ఇంగ్లిష్ కుటుంబాలు గోధుమ కాకుండా ముందు మొక్కజొన్నే ఎందుకు వేసేవి?

రొట్టె అలవాటు గోధుమదే, కానీ నేల ఒప్పుకునేది కాదు. 1820 నాటి అమెరికా భూమి చట్టం ప్రకారం ప్రభుత్వ భూమి ఎకరం 1.25 డాలర్లు, కనీసం 80 ఎకరాలు కొనాల్సి ఉండేది. అంటే 100 డాలర్లు, అదీ రొక్కం. కొన్నది చాలాచోట్ల అడవే. అన్ని చెట్లూ నరకడం ఒక్క కుటుంబం వల్ల కాదు కాబట్టి మాను చుట్టూ బెరడును పట్టీలా ఒలిచేసేవారు. చెట్టు ఎండి, ఆకు రాలి, ఎండ కిందికి దిగేది. ఆ మోడుల మధ్య గుంటలు తీసి మొక్కజొన్న గింజలు వేస్తే చాలు. గోధుమకు శుభ్రంగా దున్నిన నేల కావాలి, పైగా నూర్పిడి, మర. మొక్కజొన్నను లేత కండెగానే కాల్చుకు తినొచ్చు. చిక్కల్లా మోడులతోనే: గాలికి కొమ్మలు విరిగి పశువుల మీద పడేవి. వేసవి చివర్లో మలేరియా చలిజ్వరం వస్తే కోతకు మనిషే ఉండడు.