ఏవిడ్ క్లాసు చదువు రాని పిల్లలకా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి వచ్చే ఏడాది తొమ్మిదో గ్రేడ్‌కి వెళ్తాడు. గ్రేడ్లు ఎక్కువగా 'బీ'లు, సైన్స్‌లో 'సీ'. స్కూల్ కౌన్సెలర్ ఎలెక్టివ్‌గా (మనం ఎంచుకునే సబ్జెక్టుగా) ఏవిడ్ అనే, కాలేజీకి సిద్ధం చేసే క్లాసు తీసుకోమంటున్నారు. అది చదువు రాని పిల్లల క్లాసని తెలిసినవాళ్లు అంటున్నారు. దాని బదులు కంప్యూటర్ సైన్స్ పెట్టించమంటారా?

జవాబు: తెలిసినవాళ్ల మాట పక్కన పెట్టండి. 'బీ', 'సీ'లతో నెట్టుకొస్తున్నా ఇంకాస్త చెయ్యగల పిల్లల కోసమే ఈ క్లాసు పుట్టింది. 1980లో శాన్ డియాగోలోని క్లెర్‌మాంట్ హైస్కూల్లో మేరీ కేథరిన్ స్వాన్సన్ అనే ఇంగ్లిష్ టీచర్ 32 మందితో దీన్ని మొదలుపెట్టారు. పేద ప్రాంతాల నుంచి బస్సుల్లో వచ్చిన ఆ పిల్లలకు తేలిక సబ్జెక్టులు ఇచ్చి ఊరుకోలేదావిడ. కష్టమైన క్లాసుల్లోనే వేసి, తట్టుకోవడానికి ఒక పీరియడ్ అండగా ఇచ్చారు. ఇప్పటికీ అంతే. ఏవిడ్‌లో ఉన్నవాళ్లు కాస్త కష్టంగా ఉండే ఆనర్స్ క్లాసో, కాలేజీ స్థాయి ఏపీ క్లాసో తీసుకోవాలని స్కూళ్లు ఆశిస్తాయి.

ఇందులో అసలు సరుకు ట్యుటోరియల్. మామూలుగా వారానికి రెండుసార్లు ఉంటుంది. మీవాడు ఆల్జీబ్రాలో ఒక లెక్క దగ్గర ఆగిపోయాడనుకోండి. 'అర్థం కాలేదు' అంటే కుదరదు. ఏ స్టెప్పులో ఆగాడో ముందే కాగితం మీద రాసుకెళ్లాలి. ఐదారుగురి ముందు బోర్డు దగ్గర నిలబడతాడు. ట్యూటర్ చాలాచోట్ల కాలేజీ విద్యార్థే. అతను జవాబు చెప్పడు, తోటి పిల్లలూ చెప్పకూడదు. 'ఈ మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చింది?' లాంటి ప్రశ్నలే వేస్తారు. మొదట్లో పిల్లలకు చిరాకొస్తుంది. కానీ రేపు కాలేజీలో ప్రొఫెసర్ దగ్గరికెళ్లి డౌటు అడగాలంటే ఈ అలవాటే కావాలి. మన పిల్లల్లో చాలామందికి తెలివి ఉంటుంది, అడగడానికే మొహమాటం.

కార్నెల్ నోట్స్ (పేజీని భాగాలు చేసి నోట్స్ రాసుకునే పద్ధతి), బైండర్ సర్దుకోవడం కూడా నేర్పిస్తారు. సీనియర్ ఇయర్‌లో, అంటే పన్నెండో గ్రేడ్‌లో, కాలేజీ అప్లికేషన్లు, వాటికి రాసే ఎస్సేలు, ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు) పని కూడా చాలావరకు క్లాసులోనే సాగుతుంది. ఎంసెట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న మన తరానికి ఈ ఎస్సేల గోల కొత్తే కదా.

తనంతట తాను కూర్చుని చదివి 'ఏ'లు తెచ్చుకునే పిల్లవాడైతే నేనే వద్దనేదాన్ని. ఎలెక్టివ్ పీరియడ్లు ఉండేవే కొన్ని. మీవాడి గ్రేడ్లు చూస్తే మాత్రం తొమ్మిదిలో ఏవిడ్ పెట్టించమంటాను. కంప్యూటర్ సైన్స్ పదిలో తీసుకోవచ్చు.

ఒప్పుకునే ముందు కౌన్సెలర్‌ని మూడు సంగతులు అడగండి: ట్యూటర్లు నిజంగా వస్తున్నారా, జీపీఏలో (గ్రేడ్ల సగటులో) దీన్ని ఎలా లెక్కిస్తారు, నచ్చకపోతే మధ్యలో మారొచ్చా. ట్యూటర్లు లేరంటే మళ్లీ ఆలోచించండి, అప్పుడది ఉత్త స్టడీ అవర్ అవుతుంది.

చేరాలంటే సాధారణంగా అప్లికేషన్, ఇంటర్వ్యూ ఉంటాయి. ఆ అప్లికేషన్ మీరు నింపకండి, అబ్బాయినే రాయనివ్వండి. వాడికి ఇష్టం లేదంటే బలవంతంగా చేర్పించొద్దు.