టెక్ సందేహాలు: హెచ్-ఇండెక్స్ ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు?

ప్రశ్న: రుమటాలజీలో (కీళ్లవాత వైద్యం) పరిశోధన చేస్తున్నాను. ప్రమోషన్ ఫారంలో హెచ్-ఇండెక్స్ (మన పేపర్లను ఇతరులు ఎంత ఉదహరించారో చెప్పే అంకె) రాయమన్నారు. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో 14 ఉంది, స్కోపస్ అనే డేటాబేస్‌లో 8 ఉంది. పైగా స్కాలర్‌లో నావి కాని పేపర్లు కూడా చేరాయి. ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ పరాయి పేపర్లు తీసేయండి. అంకె సంగతి ఆ తర్వాత చూద్దాం.

స్కాలర్‌లో మీ ప్రొఫైల్ తెరిచి, మీవి కాని వాటికి టిక్ పెట్టి డిలీట్ కొట్టండి. అక్కడే ప్లస్ గుర్తు నొక్కితే అప్‌డేట్ల సెట్టింగ్ వస్తుంది. కొత్త పేపర్లు వాటంతటవే చేరిపోకుండా, ముందు మీకు మెయిల్ వచ్చేలా మార్చుకోండి. ఈ పని చేయకపోతే ఆర్నెల్లలో మళ్లీ మొదటికే వస్తుంది.

ఈ తిప్పలు మన పేర్ల వల్ల మరీ ఎక్కువ. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, చివర అడిగే పద్ధతి జర్నళ్లది. ఒక పేపర్లో రావు ఇంటిపేరవుతుంది, ఇంకో దాంట్లో ఇనీషియల్ ముందుకొస్తుంది, పెళ్లయ్యాక మరో పేరు. అందుకే ఓర్సిడ్ నంబరు తీసుకోండి, అది పరిశోధకుల గుర్తింపు సంఖ్య. 2012 నుంచి ఉంది, ఉచితం. నాలుగేసి చొప్పున 16 అంకెలుంటాయి. చివర ఎక్స్ కనిపిస్తే తప్పు పడిందనుకోకండి, అది 10కి గుర్తు. మీ పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్నీ అందులో చేర్చండి. ఇకపై ప్రతి పేపరుతోనూ ఆ నంబరు ఇవ్వండి.

ఇంత చేసినా రెండు అంకెలూ కలవవు. మీ పేపర్లలో ఎనిమిదింటికి కనీసం ఎనిమిదేసి సైటేషన్లు (ఇతర పేపర్లలో ఉదహరింపులు) ఉండి, తొమ్మిదింటికి తొమ్మిదేసి లేకపోతే హెచ్-ఇండెక్స్ 8. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన సూత్రమిది. సూత్రం ఒకటే, లెక్కలోకి వచ్చే సరుకే వేరు. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న జర్నళ్లు, పుస్తకాల వంటివే చూస్తుంది. స్కాలర్ థీసిస్‌లు, ప్రిప్రింట్లు (జర్నల్లో అచ్చు కాకముందే నెట్‌లో పెట్టే పేపర్లు) కూడా ఏరుకొస్తుంది. మీ రంగంలో సదస్సుల అబ్‌స్ట్రాక్టులు (చిన్న సారాంశాలు) కూడా తోడవుతాయి. యూరప్ రుమటాలజీ సంఘమైన యూలార్ సదస్సువి యానల్స్ ఆఫ్ ద రుమాటిక్ డిసీజెస్ జర్నల్ సప్లిమెంటుగా వస్తాయి కదా. దయచేసి వాటిని పూర్తి పేపర్ల లెక్కలో కలపకండి.

ఫారంలో ఏ డేటాబేస్ కావాలో చెప్పి ఉంటే అదే రాయండి. చెప్పకపోతే స్కోపస్ అంకె వేసి, పక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీ రాయండి. అవి లేని అంకెను ఎవరూ సరిచూడలేరు.

ఒక మాట మాత్రం మీ కమిటీకి కూడా వినిపించాలనుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను (కీళ్లు వాచే దీర్ఘకాలిక జబ్బు) గుర్తించే 2010 నాటి వర్గీకరణ ప్రమాణాల పేపరు మీకు తెలిసే ఉంటుంది. రాసినవారు 30 మందికి పైనే, ఒకేసారి రెండు జర్నళ్లలో అచ్చయింది. దాని సైటేషన్లు ప్రతి రచయిత ఖాతాలోనూ పూర్తిగా పడతాయి. ఎవరు ఎంత పని చేశారో హెచ్-ఇండెక్స్‌కు తెలియదు. కాబట్టి మీరు మొదటి రచయితగా ఉన్న పేపర్లను విడిగా చూపించండి. ఒక్కోదాంట్లో మీరు చేసిన పనేమిటో రెండు వాక్యాలు రాయండి. నా దృష్టిలో ఆ రెండు వాక్యాలే అసలైన బయోడేటా.

ప్రశ్న: వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో నా హెచ్-ఇండెక్స్ ఎక్కడుంటుంది?

జవాబు: ఉండదు. పబ్‌మెడ్ ఆ లెక్క చూపించదు.

ప్రశ్న: మా నాన్నగారికి రుమటాయిడ్ ఆర్థరైటిస్. చూస్తున్న డాక్టరుగారి పేరు నెట్‌లో వెతికితే సైటేషన్లు చాలా తక్కువున్నాయి. డాక్టరును మార్చమంటారా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ ఒక్క కారణానికి మార్చకండి. ఇతర పరిశోధకులు ఆయన రాతల్ని ఎంత ఉదహరించారన్నదే సైటేషన్ చెబుతుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా రోగుల్ని చూసే డాక్టరుకు పేపరు రాసే తీరికెక్కడిది? మీరు వేరేవి గమనించండి. వెళ్లినప్పుడల్లా వేళ్ల కణుపులు, మణికట్లు, మోకాళ్లు నొక్కి చూస్తున్నారా? జబ్బు తీవ్రతను కొలిచే డీఏఎస్28 అనే స్కోరులో అలా 28 కీళ్లు చూస్తారు. ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మాత్ర ఇస్తుంటే రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయిస్తున్నారా? ఆ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలని గట్టిగా చెప్పారా? రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఇవాళే నాన్నగారి ఫోన్ తీసుకుని, ఆ మాత్ర అలారం ‘ప్రతిరోజూ’ అని ఉంటే డాక్టరుగారు చెప్పిన ఆ ఒక్క రోజే ఉంచి, మిగతా ఆరు రోజులూ తీసేయండి.