కొమ్మ ఎండితే మొదలు చూడండి

ప్రశ్న: మా పెరట్లో 12 ఏళ్ల మామిడి చెట్టు ఉంది. ఆరు నెలలుగా పైకొమ్మలు చివర్ల నుంచి ఎండిపోతున్నాయి. ఎండిన ఆకులు రాలకుండా అలాగే ఉంటున్నాయి. రెండుసార్లు తెగులు మందు కొట్టించినా ఆగలేదు. నిరుడు చెట్టు చుట్టూ మట్టి పోయించి ఎత్తు చేసి, గచ్చు చేయించాం. చెట్టు బతుకుతుందా? - ఓ పాఠకురాలు

జవాబు: మీరు ఆఖర్న రాసిన గచ్చు సంగతి దగ్గరే నేను ఆగిపోయానమ్మా.

ఆకులు గోధుమరంగుకు తిరిగి, ఎండిన కొమ్మనే పట్టుకుని ఉన్నాయంటే అది చాలావరకు కొమ్మ ఎండు తెగులే. లాసియోడిప్లోడియా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఏపుగా ఉన్న చెట్టు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది, నీరసించిన చెట్టు తట్టుకోలేదు. పైగా అది చెక్క లోపల ఉంటుంది. ఆకుల మీద కొట్టిన మందు అక్కడిదాకా వెళ్లదు.

ఒక పని చేయండి. ఎండిన కొమ్మ చివర నుంచి కిందికి గోటితో బెరడు గీరుతూ రండి. గోధుమరంగు పోయి పచ్చదనం ఎక్కడ కనిపిస్తే ప్రాణం అక్కడి నుంచి ఉన్నట్టు. కొమ్మను నిలువుగా చీలిస్తే లోపల గోధుమ చారలు కనిపిస్తాయి. అవి లేకుండా బెరడుకు రంధ్రాలుండి, వాటిలోంచి రంపపు పొట్టులాంటిది రాలుతుంటే అది తొలుచు పురుగు, దాని వైద్యం వేరు.

ఇక అసలు పని మొదలు దగ్గర. వేర్లకూ గాలి కావాలి. మట్టి, గచ్చు కలిసి దాన్ని ఆపేశాయని నా అనుమానం. గచ్చును వీలైనంత దూరం పగలగొట్టించండి. పోసిన మట్టిని వేర్లకు గాయం కాకుండా, కాండం వెడల్పై వేర్లుగా చీలే చోటు బయటపడేదాకా తీయించండి. నీళ్లు మొదట్లో నిలవకూడదు.

తర్వాత పొడి వాతావరణం చూసుకుని, పచ్చదనం మొదలైన చోటుకు ఇంకో 10 సెంటీమీటర్లు కిందికి కోయండి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్లు లీటరు. ఇనుప గిన్నెలో మాత్రం కలపొద్దు. కోసిన కొమ్మలు చెట్టు కిందే పడేయకండి, తెగులు వాటిలో బతికే ఉంటుంది. చెట్టు కోలుకోవాలని యూరియా గుమ్మరించకండి, నలిగిన వేర్లకు అది మరో దెబ్బ.

బతుకుతుందా అన్నారు. మట్టి తీశాక మొదట్లో బెరడు గట్టిగా ఉంటే ఆశ ఉంది, అయితే వచ్చే చిగురుదాకా ఓపిక పట్టాలి. బెరడు చుట్టూతా మెత్తబడి కుళ్లి ఉంటే మాత్రం కష్టమే. అప్పుడు ఎండుకొమ్మ ఎవరి మీదా పడకముందే కొట్టించేయడం మంచిది.