సొప్రానో ఒళ్లు, కాన్సర్ట్ మెడ: యుకులేలే కొనేవారికి జవాబులు

యుకులేలే అంటే నాలుగు తీగల చిన్న గిటార్ లాంటి వాద్యం. సొప్రానో, కాన్సర్ట్, టెనర్ అనేవి చిన్న నుంచి పెద్దకి దాని సైజులు. లాంగ్ నెక్ సొప్రానో గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: రెండేళ్లుగా సొప్రానో వాయిస్తున్నాను. దాని నాదం అంటే ప్రాణం. కానీ నా వేళ్లు లావు. డి కార్డ్ (కలిపి మోగించే స్వరాల పట్టు) పట్టబోతే మూడు వేళ్లూ ఒకే మెట్టు (ఫ్రెట్) దగ్గర ఇరుక్కుపోతున్నాయి. కాన్సర్ట్‌కి మారమంటారా, లాంగ్ నెక్ సొప్రానో చాలంటారా? (వరంగల్)

జవాబు: లాంగ్ నెక్ అంటే సొప్రానో ఒంటికి కాన్సర్ట్ మెడ అతికించిన వాద్యం. నట్ (మెడ చివర తీగలు ఆనే బద్ద) నుంచి శాడిల్ (ఒంటి మీద తీగలు ఆనే బద్ద) దాకా తీగ నిడివి మామూలు సొప్రానోలో సుమారు 345 మి.మీ. ఉంటే, ఇందులో 380 మి.మీ. ఉంటుంది. ఒంటి సైజు మారదు కాబట్టి మీకు ఇష్టమైన ఆ టకటకమనే చురుకుదనం చాలావరకు నిలుస్తుంది. కాన్సర్ట్‌కి వెళితే ఒళ్లు కూడా పెరిగి, నాదం కాస్త గుండ్రంగా, మంద్రంగా మారుతుంది. సొప్రానో నాదమే కావాలి, వేళ్లకి చోటు కావాలి అనేవారికి లాంగ్ నెక్ సరైనదే.

అయితే ఎంత చోటు దొరుకుతుందో లెక్క చూసుకోండి. నట్ నుంచి మొదటి మెట్టుకి దూరం సొప్రానోలో 19.4 మి.మీ., లాంగ్ నెక్‌లో 21.3 మి.మీ. దాదాపు రెండు మిల్లీమీటర్లు పెరిగింది. 11, 12 మెట్ల మధ్య పెరిగేది ఒక్క మిల్లీమీటరే. ఇదంతా మెడ పొడవునా పెరిగే చోటు. మీ డి కార్డ్‌లో వేళ్లు ఇరుక్కునేది ఎక్కువగా అడ్డంగా, అంటే తీగకీ తీగకీ మధ్య. అది నట్ వెడల్పు మీద ఆధారపడుతుంది. చాలా వాద్యాల్లో నట్ 35 మి.మీ. ఉంటుంది. మెడ ఎంత పొడవు పెంచినా ఈ వెడల్పు మారదు. కొన్ని తయారీల్లో 38 మి.మీ. నట్ దొరుకుతుంది. లావు వేళ్లకి ఆ మూడు మిల్లీమీటర్లే పెద్ద మేలు చేస్తాయి. కొనేముందు తీగ నిడివితో పాటు నట్ వెడల్పు ఎంతో అడగండి, చెప్పలేకపోతే స్కేలు పెట్టి కొలవమనండి. డి కార్డ్‌లో మూడు వేళ్లనీ ఒకే వరసలో కాకుండా కొంచెం ఏటవాలుగా పెడతారు కదా, అక్కడ మాత్రం పొడవు మెడ ఇచ్చే చోటు అక్కరకొస్తుంది.

ప్రశ్న: కేటలాగ్‌లో ఒకచోట లాంగ్ నెక్ సొప్రానో అని, ఇంకోచోట సూపర్ సొప్రానో అని, మరోచోట లాంగ్ నెక్ కాన్సర్ట్ అని రాస్తున్నారు. మూడూ ఒకటేనా? (డల్లాస్)

జవాబు: మొదటి రెండూ ఒకటే. మూడోది వేరు. అది కాన్సర్ట్ ఒంటికి టెనర్ మెడ, తీగ నిడివి సుమారు 430 మి.మీ. పేరు చూసి ఆర్డర్ పెట్టకండి. స్కేల్ లెంగ్త్ (తీగ నిడివి) 15 అంగుళాల దగ్గర ఉందా, ఒళ్లు సొప్రానోదేనా అని రెండూ చూడండి. ఇంకో గుర్తు కూడా ఉంది. సంప్రదాయ సొప్రానోలో మెడ 12వ మెట్టు దగ్గర ఒంటిని కలుస్తుంది. అదే ఒంటికి పొడవు మెడ పెట్టి, బ్రిడ్జ్‌ని (శాడిల్ కూర్చునే చెక్కని) కదల్చకపోతే, ఆ కలయిక 14వ మెట్టు దగ్గరికి వస్తుంది. ఫొటోలో మెట్లు లెక్కపెడితే తెలిసిపోతుంది. మీరున్న చోట హొనొలులు వాళ్ల కోఅలోహా, అలాగే కాలా, ఓహానా చేసిన లాంగ్ నెక్‌లు దొరుకుతాయి. మ్యాజిక్ ఫ్లూక్ వాళ్ల ఫ్లీలో కాన్సర్ట్ మెడ ఉన్నది కూడా ఈ కోవలోదే.

ప్రశ్న: దీనికి సొప్రానో తీగలు వేయాలా, కాన్సర్ట్ తీగలా? నేను పాడేది రెండు శృతిలో. యుకులేలేని ఆ శృతికి పెంచవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: తీగ లెక్కకు ఒంటితో పని లేదు, నిడివితోనే పని. కాబట్టి కాన్సర్ట్ సెట్ వేయండి. మార్టిన్ ఎం600 లాంటివి సొప్రానోకీ కాన్సర్ట్‌కీ కలిపి అమ్ముతారు, అవీ సరిపోతాయి.

మీ రెండో ప్రశ్నకి లెక్కతోనే జవాబు చెప్పాలి. తీగ బిగువు నిడివి వర్గాన్ని, స్వరస్థాయి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మామూలు సొప్రానోని జి-సి-ఇ-ఎ (సి శృతి) కి కట్టినప్పుడు ఉన్న బిగువుని 100 అనుకోండి. అవే తీగలు అదే శృతిలో లాంగ్ నెక్ మీద 121 దగ్గరికి వస్తాయి. మామూలు సొప్రానోనే ఒక స్వరం పెంచి ఎ-డి-ఎఫ్ షార్ప్-బి (డి శృతి) కి కడితే 126. సొప్రానో తీగలు సి లో వదులుగా ఊగుతున్నాయని కొందరు డి కి పెంచుకుంటారు. లాంగ్ నెక్ ఆ గట్టిదనాన్ని సి లోనే ఇచ్చేస్తుంది. మీరు లాంగ్ నెక్‌ని మళ్లీ డి కి పెంచితే 153 అవుతుంది. సొప్రానో పైపలక పలచన, దాని మీద ఏళ్లతరబడి అంత లాగుడు పెట్టడం మంచిది కాదు. బ్రిడ్జ్ వెనక ఉబ్బుతుంది, లేదా బ్రిడ్జే లేస్తుంది. తప్పదంటే సన్నటి ఫ్లోరోకార్బన్ తీగలు వేసుకోండి. అంతకన్నా సులువు, సి లోనే ఉంచి రెండో మెట్టు దగ్గర కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెట్టుకోవడం. ఒకటి శృతి సి అయితే రెండు శృతి డి, కాపో సరిగ్గా అక్కడికే చేరుస్తుంది. మెడ పొడవు కాబట్టి కాపో పెట్టాక కూడా వేళ్లకి మామూలు సొప్రానోకి దగ్గరగా చోటు మిగులుతుంది.

ప్రశ్న: విజయవాడలో ఒక దుకాణంలో లాంగ్ నెక్ ఒకటి చూశాను. నాదం బాగుంది. కొనేముందు ఏమేం పరీక్షించాలి? ట్యూనర్ యాప్‌లో తీగలన్నీ సరిగ్గానే ఉన్నా, కార్డ్ పట్టగానే అపశృతిగా వినిపించింది. (గుడివాడ)

జవాబు: మీరు చెప్పిన ఆ లక్షణంలోనే దాదాపు జవాబు ఉంది. అది నట్ ఎత్తు తప్పు. తక్కువ ధర యుకులేలేల్లో చాలా తరచుగా కనిపించే లోపం. కొత్తగా నేర్చుకునేవారు తమ వేళ్లదే తప్పనుకుంటారు.

పరీక్ష ఇలా చేయండి. ఒక్కో తీగని మూడో మెట్టు మీద నొక్కి పట్టి, మొదటి మెట్టు మీద తీగకి కింద ఎంత సందు ఉందో చూడండి. కంటికి కనీకనపడనంత ఉండాలి. గోటితో తీగని మొదటి మెట్టు మీద తడితే టిక్ అని చిన్న చప్పుడు రావాలి. ఆ సందులోకి విజిటింగ్ కార్డు తీగని లేపకుండా దూరిందంటే నట్ ఎత్తుగా ఉన్నట్టే. అలాంటప్పుడు మొదటి మెట్టు నొక్కాలంటే తీగ ఎక్కువ కిందికి వంగాలి. వంగిన కొద్దీ సాగుతుంది, సాగిన కొద్దీ స్వరం పైకెళ్తుంది. సి7 కార్డ్‌లో మొదటి తీగ మొదటి మెట్టు మీద నొక్కుతాం కదా, ఆ ఒక్క స్వరం పక్కవాటితో పొసగదు. విడి తీగలు సరిగ్గా ఉండి కార్డ్ మాత్రం చెడటానికి కారణం ఇదే. తీగ పొట్టిదైతే ఈ తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఈ విషయంలో లాంగ్ నెక్ కొంత నయం.

తర్వాత 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు కొలవండి. రెండున్నర మి.మీ. ఉంటే హాయిగా ఉంటుంది, మూడు దాటితే చేతికి కష్టం. అక్కడ తీగని తేలిగ్గా తాకి మీటితే వచ్చే హార్మోనిక్‌నీ, గట్టిగా నొక్కి మీటితే వచ్చే స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. పది సెంట్లకి (సెంటు అంటే అరస్వరంలో నూరోవంతు) మించి తేడా ఉంటే తీగ పాతదై ఉండాలి, లేదా తీగ ఎత్తుగా ఉండాలి, లేదా శాడిల్ చోటే తప్పి ఉండాలి. మొదటి రెండూ బాగుచేసుకోవచ్చు, మూడోదైతే ఆ వాద్యం వదిలేయండి. ఆపైన మెడ అంచు వెంబడి వేలు పోనివ్వండి. మెట్ల చివర్లు గుచ్చుకుంటే చెక్క ఎండి కుంచించుకుపోయిందని అర్థం. చివరిగా ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా మీటండి. విడి తీగ మాత్రమే గరగరమంటే నట్ గాడి లోతైపోయింది. ఒక్క మెట్టు మీదే గరగరమంటే దాని తర్వాతి మెట్టు లేచి ఉంది.

నట్ గాళ్లు దింపే పనికి తీగ మందానికి తగిన ఆకురాయి కావాలి, అలవాటున్న మనిషి చేతే చేయించండి. ఒక్క దెబ్బ ఎక్కువైతే గాడి లోతైపోతుంది. అలా అయితే గాడిలో చిటికెడు వంటసోడా వేసి సూపర్ గ్లూ చుక్క వదిలితే రాయిలా గట్టిపడుతుంది, మళ్లీ ఆకురాయితో సరిచేస్తారు. శాడిల్ మాత్రం మీరే తగ్గించుకోవచ్చు. 12వ మెట్టు దగ్గర అర మి.మీ. తగ్గాలంటే శాడిల్ ఒక మి.మీ. అరగదీయాలి. పై అంచు ముట్టుకోకండి. తీసి, కింది అంచు మీద పెన్సిల్ గీత గీసి, గాజు పలక మీద పరిచిన ఉప్పుకాగితం మీద నిటారుగా పట్టి అరగదీయండి. వంకర పోయిందంటే ఆ వైపు తీగ నాదం చచ్చిపోతుంది.

ప్రశ్న: మా లాంగ్ నెక్ వదిలేస్తే తల కిందికి వాలిపోతోంది. (విశాఖపట్నం)

జవాబు: ఒళ్లు తేలిక, మెడ పొడవు, దాని చివర గిటార్ తరహా పళ్ల ట్యూనర్లు (తీగ బిగించే మరలు) ఉన్నాయేమో చూడండి. ఆ బరువే లాగుతోంది. వీణ బిరడాల్లా రాపిడితో నిలిచే ఫ్రిక్షన్ పెగ్‌లు తేలిక. కానీ తిప్పినంతా అలాగే తిరుగుతాయి కాబట్టి శృతి చేయడానికి చేయి అలవాటు పడాలి, జారితే పెగ్ చివరనున్న స్క్రూ కాస్త బిగించాలి. రెండింటికీ మధ్య దారి 4:1 నిష్పత్తిలో తిరిగే ప్లానెటరీ ట్యూనర్లు, ధర మాత్రం ఎక్కువ. ట్యూనర్లు మార్చే ముందు పట్టీ ఒకటి తగిలించి చూడండి, చాలామందికి దానితోనే తీరిపోతుంది.

ప్రశ్న: లో-జి (మామూలు జి కన్నా ఒక స్థాయి కింది జి) తీగ వేయవచ్చా? (తిరుపతి)

జవాబు: వేయవచ్చు, పలుకుతుంది. కానీ 196 హెర్ట్జ్ స్వరాన్ని నింపేంత గాలి సొప్రానో ఒంట్లో లేదు, మిగతా మూడు తీగల పక్కన అది పలచగా వినిపిస్తుంది. లో-జి తోనే మీ పని అయితే టెనర్ తీసుకోండి.

ప్రశ్న: సాలిడ్ చెక్క కొనాలా, లామినేట్ చాలా? దాచడానికి సొప్రానో సంచీ సరిపోతుందా? (హైదరాబాద్)

జవాబు: ఎండాకాలంలో రాత్రంతా ఏసీ గదిలో ఉంచి, పగలు కారులో తీసుకెళ్లేట్లయితే లామినేట్ తీసుకోండి. పొరలు అడ్డదిడ్డంగా అతికినవి కనుక పగుళ్లకి తట్టుకుంటుంది. సాలిడ్ కోవా (హవాయి చెక్క), మహాగని బాగా పలుకుతాయి కానీ గది తేమ 45–55 శాతం మధ్య ఉంటే వాటికి హాయి. మేలో తేమ ఎంతో పడిపోతుంది కాబట్టి పెట్టెలో తేమనిచ్చే సాధనం ఒకటి ఉంచాలి. ఏ చెక్కదైనా ఎండలో నిలిపిన కారులో వదలకండి, జిగురు మెత్తబడుతుంది. సంచీ మాత్రం కాన్సర్ట్‌దే కొనండి. సొప్రానో సంచీలో తల పట్టదు.