పాత రీళ్ళ తుపాకులు కొనేటప్పుడు: పెదనాన్న ఉత్తరం

కావలి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పాత బొమ్మ పిస్టళ్ళు సేకరించాలనుకోవడం మంచి పనే. దీపావళికి రీళ్ళు పెట్టి కాల్చి, ఆ తర్వాత అటక మీదకు విసిరేసిన సామాను ఇది. ఎవరో ఒకరు పట్టించుకోకపోతే పాత ఇనుము బండిలోకి పోతుంది. ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకో. దాని వయసు అమ్మేవాళ్ళని అడక్కు. వస్తువునే తిప్పి తిప్పి చూడు.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకో. అతుక్కుంటే అది పోత ఇనుము, లేదా రేకు. అతుక్కోని లోహమైతే చాలావరకు జింకు పోత. అమెరికాలో క్రామ్‌వెల్ ఊరి స్టీవెన్స్, లాంకాస్టర్ ఊరి హబ్లీ లాంటి కంపెనీలు మొదట్లో పోత ఇనుముతోనే చేసేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము ఆయుధాలకు మళ్ళింది. యుద్ధం అయ్యాక జింకు వచ్చింది. హబ్లీ వాళ్ళ ‘టెక్సన్’ అనే పిస్టల్ రెండు లోహాల్లోనూ దొరుకుతుంది, కాబట్టి పేరు చూసి ధర ఇవ్వకు. మద్రాసు దగ్గర కాబట్టి అక్కడ విదేశీ సరుకు అమ్మే బర్మా బజారు నుంచో, ఓడల్లో పనిచేసి వచ్చినవాళ్ళ పెట్టెల్లోంచో ఇలాంటివి నెల్లూరు ఇళ్ళకు ఒకటీ అరా చేరాయి. మనకు ఎక్కువగా దొరికేవి మాత్రం మన దేశపు రేకు తుపాకులే. వాటిని తక్కువగా చూడకు. నా లెక్కలో మన ఊళ్ళ చరిత్ర వాటిలోనే ఉంది.

నువ్వు పంపిన నల్లదాన్ని నూరేళ్ళ నాటిదని చెప్పారన్నావు. దాని పిడికి స్టార్ స్క్రూ, అంటే తల మీద ప్లస్ గుర్తు గాడి ఉన్నది, కనిపిస్తోంది. ఆ రకం స్క్రూలు 1930ల్లో గానీ వాడకంలోకి రాలేదు. ఎవరో మధ్యలో స్క్రూ ఒక్కటే మార్చి ఉండొచ్చు, అందుకే అతుకు కూడా చూడాలి. పాత పోత ఇనుప పిస్టల్ రెండు సగాలుగా పోసి రివెట్లతో బిగించింది. మంచి పనైతే ఆ రెండు సగాలూ గోరు దూరనంత దగ్గరగా కూర్చుంటాయి, పైభాగం నున్నగా ఉంటుంది. పాతదాన్ని అచ్చుగా పెట్టి ఈమధ్య పోసిన నకలు ఇసుక రేణువుల్లా గరుగ్గా ఉంటుంది, అక్షరాలు మొద్దుబారిపోయి ఉంటాయి. తుప్పు రంగు కూడా చూడు. ఏళ్ళ తరబడి పట్టింది ముదురు గోధుమ రంగులో గట్టిగా ఉంటుంది. తెచ్చిపెట్టిన తుప్పు నారింజ రంగులో ఉండి వేలికి అంటుతుంది.

అట్టపెట్టె ఉంటే వదలొద్దు, చిరిగినా సరే. తేదీ పట్టించేది అదే. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది అనుకోవచ్చు. నయా పైసలంటే 1957 నుంచి 1964 లోపు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదే, ఎవరు ఎన్ని చెప్పినా. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే 1952కు ముందు చేసింది. ‘వెస్ట్ జర్మనీ’ అంటే 1949కీ 1990కీ మధ్యది. అయితే ఒక పెట్టెలో ఇంకో తుపాకీ పెట్టి అమ్మడం మామూలే, కాబట్టి పెట్టె మీది బొమ్మతో వస్తువును పోల్చి చూడు.

ఇంటికి తెచ్చాక దాన్ని మెరిపించాలని చూడకు. రంగు వెయ్యకు, నికెల్ పూత కొట్టించకు, గరుకు కాగితం తగిలించకు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. గీకితే ఆ పొడి నీ లోపలికి పోతుంది, వస్తువు విలువా పోతుంది. ఒక్కచోట మాత్రం శుభ్రం చెయ్యాలి. రీలు మీద సుత్తి పడే చోట కాలిన మందు మిగిలి ఉంటుంది. అందులోని ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి లోహాన్ని తినేస్తుంది. తడి దూదితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క రాయి. మన కోస్తాలో ఇది మరీ అవసరం. మార్కాపురం, గిద్దలూరు వైపు దొరికినవి నాకు ఎప్పుడూ బాగానే వచ్చాయి. సముద్రం ఒడ్డు ఊళ్ళలోవి చాలావరకు తుప్పుపట్టి బిగుసుకుపోయినవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నెలకోసారి తీసి చూడు. నూలుగుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో ఇనుప బీరువాలో పెట్టు. జింకు దానికి సన్నటి పగుళ్ళు కనబడి, ఉబ్బుతుంటే అది లోపలి జబ్బు. దానికి మందు లేదు, అలాంటిది కొనకు.

పాత రీళ్ళు దొరికితే ఖాళీ పెట్టె ఉంచుకుని, మందు రీళ్ళను నీళ్ళలో నానబెట్టి పారెయ్యి. అందులో ఉండేది పొటాషియం క్లోరేటు, ఎర్ర భాస్వరం. రాపిడికే అంటుకుంటుంది. జేబులో అసలు వేసుకోకు.

నిజం తుపాకీలా కనిపించే బొమ్మ పిస్టల్‌ను బస్సులో, బజారులో బయటికి తియ్యకు. చూసినవాళ్ళు భయపడతారు, పోలీసుల దాకా పోతే నీకు టెన్షన్. గొట్టం తొలిచి ‘పనిచేసేలా’ చేస్తామనే మెకానిక్కులు ఉంటారు. ఆ గడప తొక్కకు. లైసెన్సు లేకుండా నకలు తుపాకీని అసలు తుపాకీగా మార్చడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

ప్రతిదానికీ నోటు పుస్తకంలో ఒక పేజీ పెట్టు. ఏ ఊళ్ళో, ఎవరింట్లో దొరికింది, ఎంత ఇచ్చావు, వాళ్ళింటికి ఎలా వచ్చిందని చెప్పారు, అన్నీ ఆరోజే రాసుకో.

కందుకూరులో ఒక పాత ఫ్యాన్సీ కొట్టు ఖాళీ చేస్తున్నారట. అమ్ముడుపోని సరుకు వెనక గదిలో చాలా ఉందని విన్నాను. ఆదివారం పొద్దున్నే కావలికి రా, కలిసి వెళదాం. భూతద్దం నేను తెస్తాను. బేరం మాత్రం నువ్వే చెయ్యి, అలవాటు కావాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న